నొప్పి పోయింది, మరి పరుగెత్తొచ్చా?

సీజన్‌కి నెలా నెలన్నర ముందు నాకొచ్చే ఉత్తరాల్లో ఏముందో కవరు చించకుండానే చెప్పేయొచ్చు. కండరం పట్టేసింది, టైమ్ లేదు, ఏదైనా దగ్గరి దారి చెప్పండి. ఈసారి వచ్చిన వాటిలో ఐదు తీసుకున్నాను. మొదటిదానికి జవాబు కాస్త పొడుగైంది, ఏమనుకోకండి, అందులో నా సొంత గాయం కూడా ఉంది.

ప్రశ్న: నాకు 22 ఏళ్లు, ఫుట్‌బాల్‌లో వింగ్ ఆడతాను. మూడు వారాల కిందట ప్రాక్టీసులో బంతి వెనక పరుగెత్తుతుంటే కుడి తొడ వెనక టప్‌మన్నట్టయింది, కుంటుకుంటూ బయటికొచ్చేశాను. డాక్టర్ చూసి హ్యామ్‌స్ట్రింగ్, అంటే తొడ వెనక కండరం, గ్రేడ్ 2 చీలిక (పూర్తిగా తెగలేదు గానీ కొంత చీలింది) అన్నారు. పది రోజులకి మామూలుగా నడిచాను. ఇప్పుడు మెట్లు రెండేసి ఎక్కినా నొప్పి లేదు, జాగింగ్ చేసినా నొప్పి లేదు. మొదటి మ్యాచ్‌కి ఇంకా రెండు వారాలుంది, ఫిజియో మాత్రం ఇంకా కనీసం నాలుగు వారాలు పడుతుందంటున్నారు. ఇంట్లోవాళ్లు నిదానమే ప్రధానం అంటారు, టీమ్‌లోవాళ్లు ఆలస్యం అమృతం విషం అంటారు. అసలు నొప్పే లేనప్పుడు ఆగడం ఎందుకు సార్? కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాను.

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరంలో నొప్పి లేదన్న మాట మూడుసార్లు ఉంది, పూర్తి స్పీడులో పరుగెత్తి చూశానన్న మాట ఒక్కసారి కూడా లేదు. మీ ఫిజియో ఆలోచిస్తున్నది ఆ రెండోదాని గురించే.

కండరం చీలినప్పుడు లోపల ఏం జరుగుతుందో చెప్తాను, అప్పుడు నీకే అర్థమవుతుంది. మొదటి కొద్ది రోజులు లోపల రక్తం చేరి, వాపొచ్చి, పాడైన పోగుల్ని శరీరం ఏరి పారేసే పనిలో ఉంటుంది. తర్వాత రెండు పనులు పక్కపక్కనే నడుస్తాయి. కండరంలోనే ఉండే శాటిలైట్ కణాలనేవి కొత్త పోగుల్ని తయారు చేస్తుంటాయి, చీలిన చోట కొలాజెన్ అనే ప్రోటీన్‌తో అతుకు పడుతూ ఉంటుంది. ఆ అతుకు మొదట్లో దర్జీ వేసే టాకాల్లాంటిది, బట్టని పట్టి ఉంచుతుంది గానీ గట్టిగా లాగితే ఊడిపోతుంది. ఆ కొలాజెన్ దారాలు కండరం లాగే దిక్కుకి సర్దుకుని గట్టిపడటానికి వారాలు, ఒక్కోసారి నెలలు కూడా పడుతుంది. నొప్పి అంతవరకూ ఆగదు. వాపు తగ్గితే అదీ సర్దుకుంటుంది, చాలామందికి నీలాగే రెండో వారంలోనో మూడో వారంలోనో. నొప్పి చెప్పేది వాపు సంగతి, అతుకు ఎంత గట్టిపడిందో దానికి తెలీదు.

మరి జాగింగ్‌లో ఏమీ కాలేదు కదా అంటావు. హ్యామ్‌స్ట్రింగ్‌కి అసలు పరీక్ష జాగింగ్‌లో ఉండదు. పూర్తి వేగంతో పరుగెత్తేటప్పుడు కాలు గాలిలో ముందుకి దూసుకెళ్తుంది చూడు, పాదం నేలని తాకడానికి సరిగ్గా ముందు, ఆ దూసుకెళ్తున్న ముంగాలికి బ్రేకు వేసేది తొడ వెనక కండరమే. అదీ బాగా సాగి ఉన్న స్థితిలో వేయాలి. ఎక్కువ చీలికలు అక్కడే జరుగుతాయి. స్పీడు 80 శాతం నుంచి వందకి వెళ్లేటప్పుడు దాని మీద పడే బరువు మామూలుగా పెరగదు, ఒక్కసారిగా ఎగబాకుతుంది. అంటే 80 శాతంలో హాయిగా పరుగెత్తిన కాలు 95లో తెగొచ్చు. నువ్వింకా జాగింగ్ దగ్గరే ఉన్నావు.

ఇదంతా నేను పుస్తకాల్లో చదివింది తర్వాత, ముందు కాలే నేర్పింది. కుర్రతనంలో 200 మీటర్లు పరుగెత్తేవాణ్ణి. ఇదే కండరం, ఇదే గ్రేడు, ఇంచుమించు ఇదే మూడో వారం. సెలెక్షన్ ట్రయల్స్ ఉన్నాయని ఎవరికీ చెప్పకుండా పొద్దున్నే వెళ్లి ఒక్క రౌండు వేశాను. వంపు దాకా అద్భుతంగా ఉంది, నేనే మురిసిపోయాను. తిన్నగా వచ్చాక నాలుగైదు అడుగులు వేశానో లేదో, ఎవరో వెనక నుంచి కర్రతో కొట్టినట్టయింది, వెనక్కి తిరిగి చూశాను కూడా. ఎవరూ లేరు. పడ్డాక నేను మొదట చూసుకుంది కాలుని కాదు, ఎవరైనా చూశారేమోనని. ఆరు వారాల్లో పోవాల్సిన గాయం ఐదు నెలలు తిన్నది, ఆ సీజన్ మొత్తం పోయింది, ట్రయల్స్ సంగతి సరేసరి. కోచ్ తిట్టలేదు, అదే ఇంకా బాధ.

నాలాంటి వాడి సంగతెందుకు, 2014 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ గుర్తుందా? అట్లెటికో మాడ్రిడ్ స్ట్రైకర్ డీగో కోస్టాకి సరిగ్గా వారం ముందు, స్పెయిన్ లీగ్ ఆఖరి మ్యాచ్‌లో హ్యామ్‌స్ట్రింగ్ పట్టేసింది. మధ్యలో బెల్‌గ్రేడ్ వెళ్లి గుర్రం మాయతో (ప్లాసెంటాతో) ఏదో వైద్యం చేయించుకున్నాడని అప్పట్లో పేపర్లన్నీ రాశాయి. ఫైనల్లో దిగాడు, తొమ్మిదో నిమిషంలో బయటికొచ్చేశాడు. జట్టుకి ఒక సబ్‌స్టిట్యూషన్ అక్కడే ఖర్చయిపోయింది, ఆ మ్యాచ్ ఎక్స్‌ట్రా టైమ్ దాకా వెళ్లింది, 4-1తో ఓడిపోయారు. దీనికి ఎదురుగా ఉసేన్ బోల్ట్‌ని పెట్టుకో. 2016 జులైలో జమైకా ఒలింపిక్ ట్రయల్స్‌లో హ్యామ్‌స్ట్రింగ్‌లో గ్రేడ్ 1 చీలిక అని తేలగానే ఫైనల్ పరుగెత్తకుండా తప్పుకున్నాడు, మెడికల్ మినహాయింపు అడిగాడు. ఆగస్టులో రియోలో మూడు బంగారు పతకాలు. అతనిది చిన్న చీలిక, నీది పెద్దది, కాబట్టి అతని రోజులు నీకు లెక్కకి రావు. నేను చెప్పేది ట్రయల్స్ వదులుకోవడం గురించి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి, లేకపోతే నా జవాబు చదివి మంచం ఎక్కి కూర్చుంటావు. ఓపిక పట్టమంటే కాలు కదపకుండా ఉండమని కాదు. డెన్మార్క్‌లో 50 మంది మామూలు ఆటగాళ్ల మీద, తొడ కండరమో పిక్క కండరమో చీలినవాళ్ల మీద, ఒక అధ్యయనం చేశారు, 2017లో అచ్చయింది. కొందరి చేత గాయమైన రెండు రోజులకే తేలికపాటి వ్యాయామం మొదలుపెట్టించారు, మిగతావాళ్ల చేత తొమ్మిది రోజులు ఆగాక. ముందు మొదలుపెట్టినవాళ్లు సుమారు 62 రోజులకి ఆటలోకొచ్చారు, ఆగినవాళ్లు 83 రోజులకి. మొదలుపెట్టడంలో వారం తేడా, తిరిగి రావడంలో మూడు వారాల తేడా! అతుకు సరైన దిక్కులో గట్టిపడాలంటే దాన్ని కొద్దికొద్దిగా లాగుతూ ఉండాలి మరి. అలాగే ఇంకో సంగతి గమనించు, ముందు మొదలుపెట్టినవాళ్లకి కూడా రెండు నెలలు పట్టింది.

కాబట్టి ఈ నాలుగు వారాలూ నీకు చేతినిండా పని ఉంది. వెల్లకిలా పడుకుని మడమ కుర్చీ మీద పెట్టి ఒక్క కాలితో నడుము పైకెత్తడం, నెమ్మదిగా దించడం. ఎడమ కాలితో ఎన్ని చేయగలవో లెక్కపెట్టు, తర్వాత కుడి కాలితో. చాలామంది ఈ లెక్క చూశాకే నోరు మూసుకుంటారు, ఒకవైపు 28 వస్తే రెండోవైపు 15 దగ్గర వణుకు మొదలవుతుంది, నొప్పి మాత్రం ఉండదు. ఆ తర్వాత కండరాన్ని సాగదీస్తూ బలం పెంచే వ్యాయామాలు మీ ఫిజియో ఇస్తారు. మోకాళ్ల మీద నిలబడి, చీలమండలు ఎవరో పట్టుకుంటే, శరీరాన్ని నెమ్మదిగా ముందుకి వాల్చే నార్డిక్ వ్యాయామం చివర్లో వస్తుంది, దాన్ని కంగారుపడి ముందే మొదలుపెట్టకు, కానీ కోలుకున్నాక సీజన్ పొడుగునా మాత్రం మానకు. అది మానకుండా చేసే జట్లలో హ్యామ్‌స్ట్రింగ్ గాయాలు సుమారు సగానికి తగ్గుతాయని చాలా అధ్యయనాల్లో తేలింది. పరుగు 60 శాతం నుంచి మొదలుపెట్టి మెట్టుమెట్టుగా పెంచు. మెట్టు మారాలా వద్దా అన్నది ఆ సాయంత్రం తేల్చుకోకు. మర్నాడు పొద్దున్న మంచం దిగుతున్నప్పుడు ఆ చోట బిగుసుకుని ఉందా, నొక్కితే నిన్నటికన్నా నొప్పిగా ఉందా చూడు. ఉంటే ఒక మెట్టు కిందికి, లేకపోతే పైకి.

ఎప్పుడు దిగొచ్చు అంటావా, తేదీ చెప్పను. వేలితో గట్టిగా నొక్కినా నొప్పి ఉండకూడదు, పడుకుని కాలు తిన్నగా ఎత్తితే రెండు కాళ్లూ ఒకే ఎత్తుకి రావాలి, బలం రెండోవైపుకి పది శాతం తేడా లోపల ఉండాలి, పూర్తి స్పీడు స్ప్రింట్లు చాలాసార్లు, వేర్వేరు రోజుల్లో, అలసిపోయాక కూడా, భయం లేకుండా తీయగలగాలి. భయం అన్నాను చూడు, అది చిన్న విషయం కాదు. ఆ కాలి మీద నీకే నమ్మకం లేకపోతే పరుగు తీరు మారిపోతుంది, అప్పుడు ఇంకోచోట పట్టేస్తుంది. ఇవన్నీ అయ్యాక జట్టుతో కొన్ని పూర్తి ప్రాక్టీసులు, ఆ తర్వాత మ్యాచ్‌లో ఓ ఇరవై నిమిషాలు. మొదటి రెండు మూడు మ్యాచ్‌లు పోతాయి, పోనీ. ఒకసారి చీలిన హ్యామ్‌స్ట్రింగ్ మళ్లీ చీలే అవకాశం ఎక్కువ, అందులోనూ ఆటలోకి తిరిగొచ్చిన తొలి వారాల్లోనే, పైగా రెండో గాయం సాధారణంగా మొదటిదానికంటే ఎక్కువ రోజులు కూర్చోబెడుతుంది.

ప్రశ్న: మా బాబుకి 15 ఏళ్లు, లాంగ్‌జంప్ చేస్తాడు. దూకుతుండగా పిరుదు కింద ఏదో విరిగినట్టు అనిపించిందన్నాడు. హ్యామ్‌స్ట్రింగ్ పట్టేసింది, వారం విశ్రాంతి తీసుకుని స్ట్రెచింగ్ చేస్తే చాలన్నారు గ్రౌండులో. పది రోజులైంది, గట్టి కుర్చీలో కూర్చుంటే ఇంకా నొప్పి అంటున్నాడు. పోటీలు నెలలో ఉన్నాయి, వాడు ఆగేలా లేడు.

జవాబు: అమ్మా, స్ట్రెచింగ్ ఈ రోజే ఆపించండి, ఎముకల డాక్టర్‌కి చూపించి ఎక్స్‌రే తీయించండి. ఎందుకంటే ఈ వయసు పిల్లల్లో కండరం కంటే, అది ఎముకకి అతుక్కున్న చోటే బలహీనం. అక్కడ ఎముక ఇంకా ఎదుగుతూ ఉంటుంది, పూర్తిగా గట్టిపడి ఉండదు. పెద్దవాళ్లలో కండరం చీలే దెబ్బకి పిల్లల్లో ఎముక చివర చిన్న ముక్క కండరంతోపాటు ఊడి రావచ్చు. పిరుదు కింద, కూర్చుంటే నేలకి ఆనే ఎముక దగ్గర నొప్పి, దూకేటప్పుడు విరిగినట్టు అనిపించడం, ఈ రెండూ కలిస్తే ఆ అనుమానం రావాల్సిందే. నేను చూడకుండా అదే అని చెప్పలేను, కానీ చూడకుండా అది కాదని కూడా ఎవరూ చెప్పకూడదు.

అదే అయితే కంగారుపడకండి, ముక్క పెద్దగా పక్కకి జరగకపోతే ఆపరేషన్ లేకుండానే అతుక్కుంటుంది. కాకపోతే వారాల లెక్క పోయి నెలల లెక్క వస్తుంది, ఈ పోటీలు వదులుకోవాల్సిందే. ఆగమని మీరు చెప్తే వాడు వినడు, అది నాకు తెలుసు, ఆ వయసులో నేనూ వినలేదు. ఎక్స్‌రేలో ఏమైనా కనిపిస్తే మాత్రం డాక్టర్ దాన్ని వెలుతురుకి పెట్టి చూపించేటప్పుడు వాడిని పక్కనే నిలబెట్టండి, వాడి ప్రశ్నలు వాడినే అడగనివ్వండి.

ప్రశ్న: మన రక్తమే తీసి, అందులోంచి ప్లేట్‌లెట్లు వేరుచేసి ఇంజెక్షన్ ఇస్తే కండరం సగం రోజుల్లో అతుకుతుందని జిమ్‌లో ఒకాయన చెప్పారు. నిజమేనా? పోనీ నొప్పి మాత్ర వేసుకుని మొదటి మ్యాచ్ ఒక్కటీ లాగించేయొచ్చా?

జవాబు: మీరు చెప్తున్నది పీఆర్‌పీ. నెదర్లాండ్స్‌లో హ్యామ్‌స్ట్రింగ్ చీలిన 80 మంది ఆటగాళ్లలో కొందరికి అది ఇచ్చి, కొందరికి ఉత్త ఉప్పునీళ్ల ఇంజెక్షన్ ఇచ్చి, ఎవరికి ఏదిచ్చారో వాళ్లకి తెలియకుండా చూశారు. ఫలితాలు 2014లో వచ్చాయి, రెండు వైపులా ఆటకి తిరిగి రావడానికి సగటున పట్టింది 42 రోజులే. అరచేతిలో వైకుంఠం చూపించేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, ఆ ఖర్చు మంచి ఫిజియోకి పెట్టుకోండి.

మాత్ర వేసుకుని ఆడటం మాత్రం వద్దే వద్దు. కారు ఇంజన్ దగ్గర ఎర్రలైటు వెలిగితే దాని మీద స్టిక్కర్ అంటించి నడిపినట్టుంటుంది. రాత్రి నిద్రపట్టనంత నొప్పుంటే డాక్టర్‌ని అడిగి వేసుకోండి, అది వేరే సంగతి.

ప్రశ్న: నాకు 44. వారాంతాల్లో బ్యాడ్మింటన్ ఆడతాను, నెలలో మా క్లబ్బు టోర్నమెంటు. నిన్న నెట్ దగ్గరికి దూకుతుంటే పిక్కలో ఫట్‌మంది, పార్ట్‌నర్ రాకెట్ తగిలిందేమో అనుకున్నా, ఆయన అవతలి మూలన ఉన్నాడు. ఇంట్లో అందరూ వేడి కాపడం పెట్టి గట్టిగా మర్దన చేయమంటున్నారు.

జవాబు: వెనక్కి తిరిగి చూశారన్నమాట, రోలు వెళ్లి మద్దెలతో మొర పెట్టుకున్నట్టుంది. మీరు చెప్పిన తీరు చూస్తే పిక్క లోపలి వైపు కండరం చీలినట్టుంది, మీ వయసులో రాకెట్ ఆటలాడేవాళ్లకి ఇది మామూలే. అయినా మడమ పైనుండే అకిలెస్ స్నాయువు (పిక్క కండరాన్ని మడమకి కలిపే తాడులాంటిది) కాదని డాక్టర్ చేత ఖాయం చేయించుకోండి, ఎందుకంటే అది తెగినా ఇలాగే ఎవరో తన్నినట్టే ఉంటుంది. బోర్లా పడుకోబెట్టి పిక్కని నొక్కి చూస్తారు, నొక్కినప్పుడు పాదం కదలకపోతే అది వేరే కథ, దానికి ఆలస్యం చేయకూడదు.

మొదటి రెండు మూడు రోజులు కాపడం, మర్దన, మందు పార్టీ మూడూ వద్దు, లోపల రక్తస్రావం పెరుగుతుంది. క్రేప్ పట్టీ కట్టుకోండి, కూర్చున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టుకోండి, నొప్పి మరీ ఉంటే గుడ్డలో చుట్టిన ఐసు ఓ పది నిమిషాలు. ఆ తర్వాత నొప్పి రానంతవరకూ పాదం పైకీ కిందికీ ఆడించడం, నడక. ఒక్క జాగ్రత్త మాత్రం మరిచిపోవద్దు. రోజులు గడిచేకొద్దీ పిక్క వాపు తగ్గకుండా పెరుగుతుంటే, వెచ్చగా, ఎర్రగా బిగుసుకుంటుంటే, కండరం గాయమేలే అని ఊరుకోకండి, లోపల సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, వెంటనే చూపించుకోవాలి. ఆయాసమో ఛాతీలో నొప్పో వస్తే మర్నాటి దాకా కూడా ఆగొద్దు.

టోర్నమెంటు సంగతి: గోడ మీద వేళ్లు ఆనించి ఒక్క కాలి మీద మునివేళ్లపైకి లేవండి. బాగున్న కాలితో ఎన్నిసార్లు లేవగలిగితే దెబ్బతిన్న కాలితోనూ ఇంచుమించు అన్నిసార్లు, అంతే ఎత్తుకి లేచిన రోజు గెంతడం మొదలుపెట్టొచ్చు. నెలలో అది అవుతుందా అంటే, నేనైతే స్కోరు రాసే పనికి పేరిస్తాను.

ప్రశ్న: నాకు 18, హాకీ ఆడతాను. గజ్జలో కండరం పట్టేసి నెల అయింది, ఇంకో మూడు వారాలన్నారు. వ్యాయామాలన్నీ చేస్తున్నాను. కానీ నా స్థానంలో ఇంకో అమ్మాయిని ఆడిస్తున్నారు, బాగా ఆడుతోంది కూడా. చూడలేక గ్రౌండుకి వెళ్లడం మానేశాను. తప్పా?

జవాబు: తప్పేం లేదు తల్లీ, కుళ్లుకోవడం కూడా తప్పు కాదు, అందరం కుళ్లుకున్నవాళ్లమే. కానీ ఇంట్లో కూర్చుంటే రోజుకి ఇరవై నాలుగు గంటలూ గాయంతోనే గడుస్తుంది. ప్రాక్టీసు టైముకే గ్రౌండుకి వెళ్లు, వాళ్లు వార్మప్ చేస్తుంటే పక్కన నీ వ్యాయామాలు చెయ్యి. కాలు పనికిరాకపోయినా చేతులు, నడుము పనిచేస్తున్నాయి కదా, గజ్జకి ఇబ్బంది లేకుండా సైకిలో ఈతో చేయొచ్చేమో మీ ఫిజియోని అడుగు, లేకపోతే రెండు మూడు వారాల్లోనే దమ్ము తగ్గిపోతుంది. ఆ అమ్మాయి బంతి లేనప్పుడు ఎక్కడ నిలబడుతోందో చూడు, ఆడుతూ ఉంటే అది కనిపించదు.

ఇంకోటి. రోజూ పొద్దున్నే వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, వాటి మధ్య చిన్న బంతి పెట్టి నొక్కు. ఎంత నొప్పొచ్చిందో సున్నా నుంచి పదిలోపు ఒక నంబరు వేసి, తేదీ వేసి, నోటుబుక్కులో రాసుకో. ఏ రోజుకారోజు ఏమీ మారనట్టే ఉంటుంది, రెండు వారాలయ్యాక మొదటి పేజీ తిప్పి చూడు. ఆ పేజీ ఫొటో తీసి నాకూ పంపు, నంబర్లు కిందికి దిగకపోతే మళ్లీ మాట్లాడుకుందాం.